ప్రీమియం లెక్కలో రంగుకు చోటు లేదు
ఎర్ర కారుకు బీమా ప్రీమియం ఎక్కువ పడుతుందన్న నమ్మకం వట్టి అపోహేనని కారు బీమాపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియాన్ని, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే భాగాన్ని, ఇంజన్ సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ మించని ప్రైవేటు కారుకు అది 2,094 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897 రూపాయలు. సొంత వాహన నష్టానికి కట్టే భాగంలో బండి విలువ, వయసు, రిజిస్ట్రేషన్ అయిన ఊరు లెక్కకు వస్తాయి కాబట్టి హైదరాబాద్ కారుకూ విజయవాడ కారుకూ తేడా ఉండవచ్చు గాని, తెలుపుకూ ఎరుపుకూ ఉండదు. అయితే వ్యాసం ప్రస్తావించని సంగతి ఒకటుంది, నా దృష్టిలో అసలు జాగ్రత్త అక్కడే కావాలి: రంగు ఆర్‌సీలో (వాహన రిజిస్ట్రేషన్ పత్రంలో) నమోదై ఉంటుంది కనుక, తరువాత వేరే రంగు వేయించినవారు ఆర్‌సీలో ఆ మార్పు చేయించి బీమా సంస్థకు తెలియజేయకపోతే క్లెయిమ్ సమయంలో చిక్కులు రావచ్చు.