ప్రజాభిప్రాయ సేకరణ సభ వారికి, వాగు పక్క నుంచి ఒక జాబు

అయ్యా, ప్రజాభిప్రాయ సేకరణ సభ గారూ,

నమస్కారం. మీరు వచ్చి వెళ్లాక మేమంతా క్షేమం. ఆ రోజు పంచిన బిర్యానీ పొట్లాల కవర్లు మా తుమ్మచెట్లకి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. కాబట్టి మిమ్మల్ని మరిచిపోయామనుకోకండి.

మీరు ఆషామాషీ మనిషి కాదని మాకు తెలుసు. 1992లో రియోలో దేశాలన్నీ కూర్చుని, పర్యావరణం విషయంలో జనం మాట వినాలని తీర్మానించాయి. మన దేశంలో పెద్ద ఫ్యాక్టరీలకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు మిమ్మల్ని జరపడం 1997లో తప్పనిసరి చేశారు. ఆ అనుమతుల మీద వచ్చిన 2006 నోటిఫికేషన్ మీకు మర్యాదలన్నీ రాసిపెట్టింది: 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన, అధ్యక్షత వహించడానికి కలెక్టరో ఆయన పంపిన అధికారో, వీడియో రికార్డింగు. కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, మాత్రం అక్కర్లేదని అందులోనే ఉంది. మా ఊళ్లో పెళ్లికైనా పెళ్లికొడుకు రావాలి. మీకు జనం రాకపోయినా జనాభిప్రాయం వచ్చేస్తుంది!

ఆ రోజు జనం బాగానే వచ్చారు లెండి. సగం మందిని మేమెప్పుడూ చూళ్లేదు. బస్సులు దిగి, మా ఊరికి ఫ్యాక్టరీ ఎంత అవసరమో మాకంటే గట్టిగా చెప్పారు. ఉద్యోగాలు మాకూ కావాలి, అబద్ధమెందుకు. మా అన్న కొడుకు డిప్లొమా చేసి చెన్నైలో డెలివరీ బాయ్‌గా తిరుగుతున్నాడు.

నా బాధంతా మీ చేతిలో ఉన్న ఆ నివేదిక గురించే, ఫ్యాక్టరీ వల్ల చుట్టుపక్కల ఏమవుతుందో చెప్పేది. తెలుగులో ఇచ్చిన సంక్షిప్త ప్రతి రెండుసార్లు చదివా. మా వాగుని ‘ఎండిన పల్లపు భూమి’ అన్నారు. అధ్యయనం ఎప్పుడు చేశారని చూస్తే మార్చి నుంచి మే వరకు. వర్షాకాలం కాకుండా ఒక సీజన్ చూస్తే చాలని మీ రూలట. మాకు వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండల్లో వస్తే మా వాగే కాదు, పెన్న కూడా ఇసుక మైదానంలాగే ఉంటుంది. 2021 నవంబరులో అదే పెన్న పొంగితే నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైళ్లు ఆగిపోయాయి.

మైకు దగ్గర మా పెద్దాయన ఆ నివేదిక రాసినాయన్ని అడిగింది ఒకటే ప్రశ్న.

“అబ్బయ్యా, మీరొచ్చి చూసింది ఏ నెల్లో?”

“మే నెలండీ.”

“కార్తీకంలో రా నాయనా. మా చెరువు నిండి కలుజు మీంచి నీళ్లు పారేటప్పుడు రా. నీ కాగితాలు తడవకుండా పడవ నేనే మాట్లాడి పెడతా.”

షామియానా అంతా ఘొల్లుమంది. బస్సుల్లో వచ్చినవాళ్లు కూడా నవ్వారు. సాయంత్రం మినిట్స్, అంటే సభలో జరిగింది రాసుకున్న కాగితం, చదివి వినిపించారు: “ఒకరు వర్షపు నీటి పారుదల గురించి ప్రస్తావించారు. సంస్థ తగు చర్యలు తీసుకుంటుంది.” పడవ సంగతి ఎగిరిపోయింది. ఎవరు నవ్వారో కూడా రాయలేదు.

ఒడిశాలో మీకు వరసకు చెల్లెలు ఉంది, గ్రామసభ. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు ఆమెనే అడగమంది. పన్నెండు ఊళ్లు, పన్నెండు సభలు, అన్నిట్లోనూ ‘వద్దు’. తవ్వకం ఆగిపోయింది. ఆమె వెనక అటవీ హక్కుల చట్టం ఉంది మరి. మీరేమో చెప్పింది రాసుకుంటారు, రాసింది పైకి పంపుతారు, అక్కడ కమిటీ పరిశీలిస్తుంది. ‘వద్దు’ అనే మాటకి మీ ఫారంలో గడి లేదు. ఇంత పెద్ద కుటుంబంలో పుట్టి ఆ ఒక్క మాట నేర్చుకోకపోవడమేమిటండీ?

మొన్న మళ్లీ నోటీసు వచ్చింది, ఈసారి విస్తరణకట. కొత్త నివేదిక తెరిచా. అధ్యయన కాలం: మార్చి నుంచి మే. షామియానాకి స్థలం కూడా చూసుకుని వెళ్లారు. వాగులోనే వేస్తారట, చదునుగా ఉందని.

ఇట్లు,
గట్టు మీద ఇల్లున్నవాడు