పసుపు కుంకుమ పెడితే తాతగారి పుస్తకం బతకదు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు పాత తెలుగు ఇళ్ళలో తాతల చేతిరాత పుస్తకం ఒకటైనా కనిపిస్తుంది. మందుల చిట్కాలో, జాతకాలో, కీర్తనలో, చిట్టా పద్దులో. అది ఉండేది దేవుడి గదిలో. ఒడియావాళ్ళతో పాటు వసంత పంచమికి ఓసారి, మన లెక్కన దసరాల్లో మూలా నక్షత్రం నాడు ఇంకోసారి పూజ. రెండు సంప్రదాయాలూ పాటిస్తాం కాబట్టి పుస్తకానికి దెబ్బ కూడా రెండింతలు.

కోపం వస్తే రండి, కానీ ముందు ఆ పుస్తకం అట్ట చూడండి. పసుపు మరక ఇక వదలదు. కుంకుమకి కాస్త తడి తగిలితే ఎరుపు కింది పేజీల్లోకి దిగుతుంది. దీపం నూనె చుక్క పడ్డచోట కాగితం అద్దంలా అయిపోయి వెనకవైపు అక్షరాలు ఇటు కనిపిస్తాయి, రెండు వైపులా చదవలేం. అగరుబత్తి పొగ జిడ్డు మీద ధూళి అంటుతుంది. పూల తడికి బూజు. పైగా చుట్టిన ఎర్ర గుడ్డ కొత్తదైతే దాని రంగూ దిగుతుంది. దండం పెట్టుకోవాలనుంటే అట్ట జిరాక్స్ తీసి దానికి పెట్టుకోండి, సరస్వతీదేవి ఏమీ అనుకోదు.

రెండో జబ్బు, "రెండొందల ఏళ్ళ నాటిదండీ" అనడం. ఎప్పటిదో పుస్తకమే చెబుతుంది, చదవాలంతే. సంవత్సరం పేరు ఒక్కటే చాలదు, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. "ధాత" అని ఉంటే 1876-77 కావచ్చు, 1936-37 కావచ్చు. అదే పుస్తకంలో పర్లాకిమిడిలో రైలెక్కినట్టు రాసుంటే మొదటిది కాదు, నౌపడా నుంచి ఆ చిన్న రైలు వచ్చిందే 1900లో. గుణుపురం దాకా వెళ్ళింది 1931లో. "న.పై." (నయా పైసలు) కనబడితే 1957 ఏప్రిల్ తర్వాతిది. అణాలు మాత్రమే ఉంటే అంతకు ముందుది కావచ్చు, కానీ అణాల లెక్క అలవాటైన పెద్దలు ఆ తర్వాతా కొన్నాళ్ళు అలాగే రాశారు.

అన్నిటికంటే ఎక్కువమంది బోల్తాపడేది ఉత్త అంకె దగ్గర. 1345 అని ఉందనుకోండి. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి శిస్తు రసీదుల పక్కన ఉంటే అది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. 590 కలపండి, 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు. అదే రాసినాయన ఒడియా సాలు (ఒడియావాళ్ళ సంవత్సరం) వాడి ఉంటే అది భాద్రపద శుద్ధ ద్వాదశికి, అంటే సునియాకి మొదలవుతుంది, 592 కలపాలి, 1937-38 అవుతుంది. రెండేళ్ళు తేడా! పూరీ రాజుల అంకం, అంటే రాజు ఏలుబడి ఏళ్ళ లెక్క అయితే ఇంకో తలనొప్పి: ఒకటో అంకం ఉండదు, 6తో ముగిసేవీ ఉండవు, పది తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కాబట్టి 9వ అంకమంటే రాజ్యానికి ఏడో ఏడు.

పద్దుల్లో అంకె పక్కన నిలువు గీతలుంటే పావులు, అడ్డగీతలుంటే పదహారో వంతులు. ౫ పక్కన రెండు నిలువు, మూడు అడ్డం ఉంటే అయిదు రూపాయల పదకొండు అణాలు. ఇంకో మోసం వలపలగిలక, అంటే "ర్"కి బదులు అక్షరం తర్వాత పెట్టే ౯ లాంటి పాత గుర్తు. "సర్వ" అనే మాటని పాతవాళ్ళు "సవ౯" అని రాస్తే దాన్ని తొమ్మిది అనుకుని కూడికలో వేసేవాళ్ళున్నారు. తెలుగు లిపే అయినా ఒక్క ముక్క అర్థం కాకపోతే కంగారు పడకండి, గట్టిగా చదివించి ఒడియా వచ్చినవాళ్ళకి వినిపించండి. తెలుగు అక్షరాల్లో ఒడియా రాసుకోవడం ఇక్కడ వింత కాదు.

సిరా సంగతి తెలియకుండా చెయ్యి వెయ్యొద్దు. దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరా నల్లగానే ఉంటుంది, కాగితాన్ని తినదు, కానీ తడి తగిలితే చెదురుతుంది. కరక్కాయ, అన్నభేది వేసి కాచింది గోధుమరంగుకి తిరుగుతుంది, అందులోని ఇనుము, ఆమ్లం కలిసి కాగితాన్ని లోపలినుంచి కాల్చి అక్షరం ఉన్నచోట చిల్లు పెడతాయి. గాలిలో చెమ్మ ఎంత ఎక్కువైతే అంత తొందరగా. ఊదారంగు రాతలు చాలావరకు నీళ్ళకి కరుగుతాయి. అందుకే ఏ సిరా అయినా వేలు నాలిక్కి తడిచేసి పేజీ తిప్పితే నేరమే.

లామినేషన్ చేయిస్తామంటే చేతులెత్తి మొక్కుతా, వద్దు. వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్‌ని మళ్ళీ తియ్యలేం. సెల్లోటేపు కొన్నేళ్ళకి ఊడిపోతుంది, దాని జిగురు పసుపుపచ్చ మరకై కాగితంలోనే ఉంటుంది. బైండరుకి ఇస్తే పురుగు పట్టదని మైదా జిగురులో మైలతుత్తం కలుపుతాడు, ఆ రాగి కాగితాన్ని ఇంకా పెళుసుగా చేస్తుంది. పైగా అంచులు సమానంగా కోస్తాడు, అంచున రాసిన తేదీలు చెత్తబుట్టలోకి.

చేయాల్సింది తక్కువే. మెత్తటి అంగుళం బ్రష్‌తో వెన్ను నుంచి బయటికి దుమ్ము దులపండి. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీయండి. రామబాణం పురుగు ఉంటే గాలి చొరని పాలిథిన్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో, కనీసం మైనస్ 18 డిగ్రీల్లో, రెండు వారాలు. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, విప్పితే చెమ్మ పుస్తకం మీదే పేరుకుంటుంది. తర్వాత గంజి పోయేదాకా ఉతికి ఆరేసిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, పడుకోబెట్టి, బయటి గోడకి ఆనని అల్మరాలో. కలరా ఉండలు, వేపాకు పుస్తకానికి తగలకూడదు. తాటాకులకి నూనె రాస్తారు కదా అని కాగితానికీ రాసేవాళ్ళకి ఓ నమస్కారం.

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చిన ప్రాంతం మనది, పుస్తకం తడిసే రోజు మళ్ళీ వస్తుంది. అప్పుడు ఎండలో వేయకండి, అతుక్కున్న పేజీలు లాగకండి. రెండు రోజుల్లోపే బూజు మొదలవుతుంది. కరెంటు లేకపోతే అచ్చు లేని తెల్ల కాగితం పేజీల మధ్య పెట్టి గాలి ఆడేచోట ఉంచి గంటగంటకీ మార్చండి, ఉంటే ఫ్యాను.

ఫొటోలు ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో, పైనుంచి నిటారుగా. పక్కన స్కేలు ఉండాలి. ఖాళీ పేజీలూ, అట్టలూ తీయాలి, మధ్యలో ఒకటి వదిలేస్తే వరుస ఎవరికీ తెలియదు. పుస్తకాన్ని బల్లపరుపుగా విప్పకండి, వెన్ను విరుగుతుంది, అట్టల కింద రెండు వైపులా తువ్వాలు మడత పెట్టండి.

డెబ్భై అయిదేళ్ళు దాటి, శాస్త్ర, చరిత్ర, కళా విలువ ఉన్న చేతిరాతే కేంద్రం లెక్కలో రాతప్రతి, రెవెన్యూ రికార్డులు అందులోకి రావు. మందుల పుస్తకం లెక్కలోకి రావచ్చు, శిస్తు పద్దు రాదు. అంతమాత్రాన పద్దుని పాత కాగితాలవాడికి వేయొద్దు, ఆ కాలపు ధరలు, కూలి రేట్లు ఉండేది అందులోనే. రాసినాయన పేరు, ఊరు, మీకేమవుతారో విడి కాగితం మీద రాసి పెట్టండి. పెన్సిల్‌తో.