పేరుపెట్టి పిలిచినవాడు ఎటు పంపుతాడు

గుంటూరు, విజయవాడ సంఘాలలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళ వాగ్దాన కార్డులు పంచే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. చేతికి వచ్చిన కార్డుమీది వాక్యమే ఆ యేడాదికి దేవుడు తనకిచ్చిన మాట అని విశ్వాసులు భావిస్తారు. ఇప్పుడు ఆ కార్డు వాట్సాప్‌లో డల్లాసుకూ సిడ్నీకీ కూడా చేరుతున్నది. యెషయా గ్రంథం 43వ అధ్యాయం మొదటి వచనమంటే మనవాళ్లకు ప్రత్యేకమైన మక్కువ: "భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు." ఈ మాటను మనం, ముఖ్యంగా దేశం దాటి వచ్చిన తెలుగు క్రైస్తవులం, చాలా ఇరుకుగా చదువుకుంటున్నామని నా అభిప్రాయం.

ఉద్యోగం దొరికితే దేవుడు నన్ను ఈ దేశానికి పిలిచాడంటాం; ఇల్లు కొంటే గృహప్రతిష్ఠ కూటంలో ఈ వచనమే చదివిస్తాం. హెచ్‌1బీ లాటరీలో పేరు రాని కుర్రవాడిని దేవుడు పిలవలేదని ఎవరూ పైకి అనరు గాని, మన సాక్ష్యాలు వింటూ వెనక వరుసలో కూర్చున్న అతనికి అర్థమయ్యేది మాత్రం అదే. ఆ ప్రవచనం ఉద్దేశించినది బబులోను చెరలో ఉన్న ప్రజలను. (విమానం టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మనం ఆ ప్రవాసంతో మన ప్రవాసాన్ని పోల్చుకునే ముందు కొంత సంకోచించడం మంచిది.) అదే వచనంలో యాకోబు అని పిలిచినది ఒక్క మనిషిని కాదు, కూలిపోయిన ఒక జనాన్ని. వెంటనే వచ్చే వచనం, జలములలో బడి దాటునప్పుడు తోడై యుందునని అంటుంది గాని, జలములే అడ్డురావని ఎక్కడా అనదు.

ఇన్ని కోట్లమందిలో ఒక్కొక్కరి పేరుతో దేవుడికి పనేమిటని ఈ పత్రిక పాఠకులు కొందరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. మనిషి కూర్చోవడం, లేవడం, మాట నాలుకకు రాకముందే ఆ మాట, అన్నీ దేవునికి తెలుసునని 139వ కీర్తన చెబుతుంది. నిజానికి అది వినడానికి హాయిగా ఉండే సంగతి కాదు, ఎందుకంటే దాచుకోవలసినవి లేనివాళ్లు మనలో ఎవరూ లేరు. యెరికోలో మేడిచెట్టెక్కిన సుంకరి జక్కయ్యను ఊరంతా పాపి అంటూంటే యేసు పేరుపెట్టి పిలిచి, త్వరగా దిగుమన్నాడు. ఆ పిలుపులో అతని వృత్తికి గాని సంపాదనకు గాని మెచ్చుకోలు లేదు. ఆ పూట యేసును ఇంట చేర్చుకున్న జక్కయ్య, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మళ్లిస్తాననీ ఒప్పుకున్నాడు. మన గృహప్రతిష్ఠ కూటాలలో ఈ భాగం చదివినట్టు నాకు గుర్తులేదు.

ఈ సంగతి గుంటూరు ప్రాంతపు క్రైస్తవులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరిన తరువాత, ఆ శతాబ్ది గడిచేలోగా, చుట్టుపక్కల మాలపల్లెలు, మాదిగపల్లెలు పల్లెకు పల్లెగా ఈ విశ్వాసంలోకి వచ్చాయి. ఒంగోలు దాపున గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గుంపుగా వచ్చినవారిది విశ్వాసమా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. కరువును, అన్నాన్ని, మర్యాదను లెక్కలోకి తీసుకోకుండా ఆ చరిత్ర రాయలేమని నేనూ ఒప్పుకుంటాను. అయితే గుంపుగా నడిచి వచ్చినవారు నీళ్లలోకి దిగినది మాత్రం ఒక్కొక్కరుగానే. ఊరు ఏకవచనంతో, పేరు చివర "గాడు" తగిలించి తప్ప పిలవని మనిషి, బాప్తిస్మమప్పుడు ఏ యేసురత్నమో, దేవసహాయమో, కృపమ్మో అయి, ఆ పేరుతోనే సంఘపు రిజిస్టరుకెక్కినప్పుడు, దేవుడు తనను ఎరుగుననే సంగతి అతనికి వేదాంతంగా కాక రోజువారీ బతుకులో వినబడే పిలుపుగా అందింది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ, గుడిలో అడుగుపెట్టనివ్వని ఒక పేదవాని మొరను కాశీ విశ్వనాథుని చెవిన వేయడానికి గబ్బిలాన్ని రాయబారిగా ఎంచుకోవలసి వచ్చిన నేల అది. దేవుడు తనను పేరుతో ఎరగాలన్న ఆరాటం క్రైస్తవుల సొంతం కాదని ఆ కావ్యం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ పల్లెలకు బడి, ఆసుపత్రి ఆ పిలుపు వెంటనే రావడం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను.

వ్యక్తిగతమైన పిలుపు అంటే ఏకాంతమైన పిలుపు అని పొరబడుతున్నాం. బాలుడైన సమూయేలు తనను పిలిచినదెవరో ఏలీ చెబితే గాని గుర్తుపట్టలేదు. దమస్కు దారిలో "సౌలా, సౌలా" అని విన్న మనిషి కూడా మూడురోజులు చూపులేక కూర్చున్నాడు. ఆ సమయంలో అదే ఊరిలో అననీయ అనే సామాన్య శిష్యుడికి కూడా పేరుతోనే పిలుపు వచ్చింది. వచ్చింది ఒక చిరునామాతో. తిన్ననిదనబడిన వీధి, యూదా అనువాని ఇల్లు, అక్కడ తనలాంటివారిని బంధించడానికి వచ్చిన మనిషి. అననీయ అభ్యంతరం చెప్పాడు, అయినా వెళ్లాడు, వెళ్లి "సౌలా, సహోదరుడా" అన్నాడు. తరువాత పౌలుగా పేరొందిన ఆ సౌలు గురించి ఎన్నో ప్రసంగాలు విన్న మనం అననీయ గురించి ఎన్ని విన్నాం?

నా సూచన చిన్నదే. మన తెలుగు సంఘాలకు ప్రతి వేసవిలో గుంటూరు నుండి, బెజవాడ నుండి సందర్శక వీసామీద తల్లులు వస్తారు. ఉన్నన్నాళ్లూ వాళ్లు ఫలానావారి మమ్మీగారుగానే ఉండి, తిరుగు విమానం ఎక్కేస్తారు. అక్కడ స్త్రీల సమాజంలో కానుక లెక్కలు చూసినవారు, ముప్పై యేళ్లు బడిలో పాఠం చెప్పినవారు కూడా వాళ్లలో ఉంటారు. ఈ వేసవిలో సంఘ పెద్దలు ఎవరైనా వాళ్ల పేరేమిటో వాళ్లనే అడిగి, ఆ పేరుతోనే ఆహ్వానించి, ఆదివారం ప్రార్థనో పాఠమో వారికి అప్పగించాలి.