పదో తరగతి తర్వాత ఏంటని ఎనిమిదిలోనే అడగాలి

అమెరికాలో ఉంటున్న మనలో చాలామంది ఊరికి పోయినప్పుడు చదువుకున్న సర్కారు బడికి బెంచీలు, కంప్యూటర్లు, మంచినీళ్ల ప్లాంటు లాంటివి ఇచ్చి వస్తున్నారు. అవన్నీ కావాల్సినవే. కానీ మన సంఘం డబ్బు, అంతకన్నా ముఖ్యంగా మన సమయం, ఇప్పుడు ఇంకో పనికి మళ్లాలని నా అభిప్రాయం. వరంగల్ చుట్టుపక్కల సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి నుంచి ప్రతి విద్యార్థికీ తనదైన చదువు ప్రణాళిక ఒకటి ఉండాలి. దాన్ని వెంటపడి నడిపించే మనిషి ఒకరుండాలి.

నేనుండే వాషింగ్టన్ రాష్ట్రంలో హైస్కూల్ పట్టాకు 24 క్రెడిట్లు (కోర్సులు పూర్తిచేస్తే వచ్చే పాయింట్లు) కావాలి. వాటితోపాటు ‘హైస్కూల్ అండ్ బియాండ్ ప్లాన్’ కూడా ఉండాలి. దాన్ని ఏడు, ఎనిమిది తరగతుల్లోనే మొదలుపెడతారు. ఏ ఏడు ఏ లెక్కల కోర్సు, ఆ తర్వాత కాలేజీయా, పనా అన్నది పిల్లలే రాస్తారు, బడిలో చదువు గురించి సలహాలిచ్చే కౌన్సిలర్‌తో కూర్చుని మార్చుకుంటారు. 250 మందికి ఒక కౌన్సిలర్ ఉండాలని అక్కడి కౌన్సిలర్ల సంఘం చెప్తుంది. చాలా బడుల్లో అంతకంటే ఎక్కువమందిని ఒక్కరే చూస్తున్నారు. అయినా అడిగేవాళ్లు ఒకరున్నారు.

పర్కాల, నర్సంపేట వైపు పల్లెల్లో పదో తరగతి పరీక్షలు కాకముందే ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఇంటికొస్తారు. ఎంపీసీలో చేర్పించండి, ఫీజు తగ్గిస్తాం, ముందు కొంత కట్టండి అంటారు. కూలికి పోయే తల్లిదండ్రులకు ఆ వచ్చిన మనిషే కౌన్సిలర్. పిల్లకు లెక్కలంటే ఇష్టమా, భయమా అని ఆ ఇంట్లో అడిగినవాళ్లు ఉండరు.

నిజానికి నష్టం అంతకుముందే మొదలవుతుంది. ఎన్ఎంఎంఎస్ అని కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. ఎంపికైన పిల్ల ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరితే అది ఆగిపోతుంది. ఫీజులో రాయితీ ఇస్తామన్న పీఆర్వో ఈ సంగతి చెప్పడు. చెప్పాల్సింది మనం.

కాగితాల సంగతీ అంతే. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు, పుట్టిన తేదీల్లో తేడా. తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకుంటే తేలిగ్గా అయిపోయే పని, పదో తరగతి మెమోలోకి ఎక్కితే ఏళ్లకేళ్లు తిప్పిస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవకు ఎప్పుడు పోవాలో కూడా ఆ ప్రణాళికలో ఒక గడిగా ఉండాలి.

పది తర్వాత దారులు లేక కాదు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. బాసర ట్రిపుల్ ఐటీలో పది మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ సీటిస్తారు, అందులో సర్కారు బడి పిల్లలకు కొంత వెసులుబాటు కూడా ఉంది. ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ ఉన్నాయి, ఆ తర్వాత డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే దోస్త్ ఉంది. కాజీపేటలో రైలు తయారీ కేంద్రం, గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు వస్తున్నాయి కాబట్టి ట్రేడు నేర్చిన పిల్లలకు ఇంటి దగ్గరే పని దొరికే అవకాశం పెరుగుతుంది. మనం సాఫ్ట్‌వేర్‌తో బాగుపడ్డామని ఆ ఒక్క దారే అందరికీ చెప్పకూడదు.

ప్రణాళికలో మొదటి పేజీ మాత్రం పిల్లకు ఇప్పుడేం వచ్చన్నదే కావాలి. తొమ్మిదిలో భాగహారం రాని పిల్లతో పాలిసెట్ గురించి మాట్లాడితే ఏం లాభం? 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో చూసి, అక్కడి నుంచి చెప్పమంది. అది ప్రాథమిక తరగతులకు. పెద్ద తరగతుల్లోనూ ఆ పట్టుదల కావాలి.

మన సంఘం ఒక్క మండలంతో మొదలుపెట్టాలని కోరుతున్నాను. రిటైరైన సార్లకు, టీచర్లకు గౌరవ వేతనమిచ్చి బడికి ఒకరిని పెడదాం. నోటుపుస్తకం ఒకటి బడిలో, దాని నకలు ఇంట్లో. ఏడాదికి రెండుసార్లు అమ్మానాన్నల ముందు తెరవాలి, అదీ కూలి పోగొట్టుకోకుండా వాళ్లు వచ్చే వేళకు. మనం ఇక్కడి నుంచి ఫోన్లో ఇంగ్లిష్ మాట్లాడించొచ్చు, ఫారాలు నింపడంలో సాయం చేయొచ్చు. ఏ గ్రూపు తీసుకోవాలో మాత్రం ఆ పిల్లే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది పదిలో ఒక్క సబ్జెక్టు ఫెయిలై ఇంట్లో కూర్చున్న పిల్లను. పత్తి చేనుకో, పెళ్లికో ఆమె చదువు అక్కడే ఆగిపోతుంది. ఫలితాలొచ్చిన రోజే ఆ సారు ఆమె ఇంటికి పోవాలి, సప్లిమెంటరీకి ఫీజు కట్టించాలి, పరీక్ష రాసేదాకా వారం వారం కనుక్కోవాలి. అందులోనూ తప్పితే ఓపెన్ స్కూల్ ఫారం తెచ్చివ్వాలి.