నడవమంటారు, మడమ నడవనివ్వదు

పొద్దున్నే మంచం దిగాక మా అమ్మ మొదటి నాలుగడుగులు గోడ పట్టుకునే వేస్తుంది. మడమలో మేకు దిగినట్టు ఉంటుందట. కాసేపు ఇంట్లో తిరిగితే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. డాక్టరుకు చూపిస్తే ఒకటే మాట: "బరువు తగ్గాలమ్మా, రోజూ నడవండి." నడవలేకే కదా అంతదూరం వెళ్లింది!

ఆ సలహా తప్పని అనను. కానీ అందులో సగమే ఉంది.

మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలిలో ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాన్నే ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం వంపును పట్టి ఉంచేది ప్రధానంగా అదే. ఒళ్లు బరువెక్కేకొద్దీ వంపు కిందికి దిగుతుంది, పట్టీ సాగి మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా బిగుసుకున్న పట్టీ పొద్దున మొదటి అడుగుకే ఒక్కసారిగా లాగుతుంది కాబట్టి ఆ నొప్పి. చిన్న లెక్క చూడండి. పది కిలోలు ఎక్కువున్న మనిషి రోజుకు 5000 అడుగులు వేస్తే, ఒక్కో పాదానికి 2500 అడుగులు. అంటే సాయంత్రానికి ఒక్కో పాదం మోసే అదనపు బరువు 25 టన్నులు.

ఎక్స్‌రే తీసి "మడమలో ఎముక పెరిగింది" అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. నొప్పే లేని చాలామందిలోనూ అలాంటి ఎముక కనిపిస్తుంది. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని నెలల్లో నొప్పి తగ్గుతుంది.

బరువు చేసే చెరుపు మోతతోనే ఆగదు. యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాచే గౌట్‌కూ, షుగర్‌కూ ఊబకాయం దారి వేస్తుంది. షుగర్ ముదిరితే పాదంలో నరాలు మొద్దుబారతాయి, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి ఉన్న పాదం కన్నా నొప్పి తెలియని పాదమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశం మొత్తం మీద 24 శాతమే.

ఇంతమందికి "నడవండి" అని చెప్పి పంపేస్తే చాలదు. ముందు పాదాన్ని బాగుచేయాలి, నడక ఆ తర్వాత. మంచం దిగకముందే తువ్వాలును పాదానికి వేసి ముని వేళ్లను తనవైపు లాక్కోవాలి. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయాలి. టైల్స్ మీద, గ్రానైట్ మీద ఉత్తకాళ్లతో గంటలు గంటలు నిలబడి వంట చేయడం ఆపాలి. ఇంట్లో చెప్పులేమిటన్న పట్టింపు ఉంటే, బయటికి వేసుకోని మెత్తటి జత ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. అరిగిపోయిన హవాయి చెప్పులు మాత్రం వద్దు. బరువు తగ్గడానికి కంచంలో అన్నం తగ్గించడం ఈ రోజే మొదలుపెట్టొచ్చు, దానికి మడమ అడ్డురాదు. కూర్చుని తొక్కే సైకిలైతే పాదం మీద మోత తక్కువ. షుగర్ ఉన్నవాళ్లు రోజూ అరికాళ్లు చూసుకోవాలి, వంగలేకపోతే అద్దం పెట్టుకుని.

"తిని కూర్చుంటే ఇంతే" అనే మాట మానేయాలి. ఇంటిల్లిపాదికీ వండి, అందరూ తిన్నాక తను తిని, చెప్పులు కొనుక్కోవడం కూడా వచ్చే నెలకు వాయిదా వేసుకునే మనిషిని అనాల్సిన మాట కాదది.

మా అమ్మ మంచం పక్కన ఇప్పుడొక తువ్వాలు, మెత్తటి చెప్పుల జత ఉంటున్నాయి. నడక ఇంకా పది నిమిషాలే.