ఇరవై రెండు రోజుల గూఢచర్యం

మొన్నటి వేసవి సెలవుల్లో నేను ఇరవై రెండు రోజులపాటు గూఢచారిగా ఉన్నాను. ఆ సంగతి నాకు ఇరవై రెండో రోజు సాయంత్రం ఆరున్నరకు, మా పెరట్లో ఒక నీళ్ళ బక్కెట్టు ముందు తువ్వాలుతో నిలబడి ఉండగా తెలిసింది. అంతవరకూ నన్ను నేను విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక బ్యాంకులో అప్పుల కాగితాలు చూసుకునే, పదవీ విరమణకు దగ్గరపడిన, రక్తంలో చక్కెర కాస్త ఎక్కువైన మామూలు గృహస్థుననే అనుకుంటూ వచ్చాను.

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి పరీక్షలు ముగించుకుని, బెజవాడ ఎండలు తప్పించుకోవడానికి సీతమ్మధారలోని మా ఇంటికి వచ్చాడు. బెజవాడ ఎండ తప్పించుకుని మే నెలలో విశాఖ ఉక్కపోతలోకి రావడమంటే పెనం మీద నుంచి ఇడ్లీ పాత్రలోకి దూకడమే గాని, సముద్రం ఉందన్న భ్రమ అందరినీ ఇటే లాక్కొస్తుంది. వాడి బట్టల సంచి కంటే పుస్తకాల సంచి బరువుగా ఉంది. పాఠ్యపుస్తకాలేమోనని నేను ముచ్చటపడేలోపే అవి ఆంథొనీ హొరోవిట్జ్ అనే ఆంగ్ల రచయిత రాసిన అలెక్స్ రైడర్ నవలలని తేలింది. వాటిలో మొదటిది 2000లో వచ్చింది. 2023లో కూడా కొత్తది ఒకటి వచ్చింది. కథ మొదలయ్యేనాటికి కథానాయకుడికి పద్నాలుగేళ్ళు. ఇరవై మూడేళ్ళు గడిచి, అన్ని దేశాలు తిరిగి, అందరు దుర్మార్గుల పనిపట్టిన తరువాత కూడా అతడికి పదిహేనేళ్ళే. మా బ్యాంకులో కొందరి పదోన్నతులు సరిగ్గా ఇదే వేగంతో నడవడం నేను చూశాను కాబట్టి నాకిది వింతగా తోచలేదు.

పిల్లవాడు ఏం చదువుతున్నాడో పెద్దవాడిగా తెలుసుకోవాలి గదా అన్న నెపంతో మొదటి పుస్తకం నేనూ చదివాను. లెక్కల పుస్తకం మధ్యలో మధుబాబు గారి షాడో డిటెక్టివ్ నవలను దాచుకుని చదివి, లెక్కల్లో తప్పి, చివరికి బ్యాంకులో లెక్కలే చేసుకుంటూ బతికిన తరం మాది. అందువల్ల ఇలాంటి పుస్తకాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయితే ఆ పుస్తకంలో నన్ను కలవరపెట్టవలసిన విషయం మొదటి పేజీల్లోనే ఉంది, నేనే దాన్ని పట్టించుకోలేదు. తల్లిదండ్రులు లేని అలెక్స్‌ను పెంచిన ఇయాన్ రైడర్ తాను బ్యాంకు ఉద్యోగినని ఇంట్లో చెప్పుకుంటాడు. తరచుగా ఊళ్ళు వెళుతుంటాడు. కథ మొదలయ్యేసరికే ఆయన కారు ప్రమాదంలో పోయాడని కబురు వస్తుంది. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులంటారు; ఆయన బెల్టు లేకుండా బండి కదిలించని మనిషని కుర్రవాడికి తెలుసు. అక్కడ పుట్టిన అనుమానం తీగ లాగితే, రాయల్ అండ్ జనరల్ అనే ఆ బ్యాంకు వెనక బ్రిటన్ గూఢచారి సంస్థ ఎం.ఐ.6 తాలూకు విభాగం ఉందనీ, ఆయన కాల్పుల్లో చనిపోయిన గూఢచారి అనీ బయటపడుతుంది.

ఇప్పుడు మా మేనల్లుడి వైపు నుంచి చూడండి. మేనమామ బ్యాంకు ఉద్యోగి. ఇన్‌స్పెక్షన్ పేరుతో ఒక వారం నర్సీపట్నం, ఒక వారం చోడవరం వెళుతుంటాడు. ఊళ్ళో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. ఇంకేం కావాలి? ఆంగ్లంలో అంకుల్ అంటే ఎవరైనా కావచ్చు గాని, ఆ కథలో చనిపోయినవాడు తండ్రి తోడబుట్టినవాడనీ, నేను తల్లి తోడబుట్టినవాణ్ణనీ, కాబట్టి వరస ప్రకారం నాకు ఆ గతి వర్తించదనీ వాడితో వాదించే అవకాశం నాకు దొరకలేదు. వచ్చిన రెండో రోజే, నేను స్కూటరు తీస్తుండగా గేటు దగ్గరికి వచ్చి, "మావయ్యా, నువ్వు హెల్మెట్ ఎప్పుడూ పెట్టుకునే వెళతావు కదూ?" అని గంభీరంగా అడిగాడు. నా క్షేమం మీద ఇంత శ్రద్ధ ఉన్న పిల్లవాణ్ణి కన్నందుకు ఆ సాయంత్రం అక్కకు ఫోను చేసి మెచ్చుకున్నాను. వాడు నా మరణం మీద రాబోయే నివేదికను సరిచూసుకోవడానికి ఆధారాలు సేకరిస్తున్నాడని అప్పుడు తెలియదు.

ఆ నవలల్లో నాకు నిజంగా నచ్చింది ఒకటుంది. అలెక్స్‌కు గూఢచారి కావాలని ఏ కోశానా లేదు. నన్ను బడికి వెళ్ళనివ్వండి మహాప్రభో అంటే, ఆ విభాగం అధిపతి అలన్ బ్లంట్, నువ్వు ఒప్పుకోకపోతే నిన్ను చూసుకుంటున్న అమ్మాయిని తిరిగి అమెరికా పంపించేస్తామనీ, నిన్ను ఏదో ఆశ్రమంలో పడేస్తామనీ మెత్తగా బెదిరిస్తాడు. రికవరీ పనికి నేను వెళ్ళనంటే పాడేరు బదిలీ మాట ఎత్తే పెద్దలను చూసినవాడిగా ఆ ఘట్టం చదువుతూ నేను రెండుసార్లు తల ఊపాను. (పాడేరు చల్లగా, చక్కగా ఉండే ఊరే. బెదిరింపుగా వాడడం వల్ల దానికి చెడ్డపేరు వచ్చింది.) వయసు చాలదని అతడికి తుపాకీ మాత్రం ఇవ్వరు. దానికి బదులు స్మిథర్స్ అనే లావుపాటి నిపుణుడు, కుర్రవాడి జేబులో ఉన్నా ఎవరూ అనుమానించని వస్తువులు తయారుచేసి ఇస్తాడు. మొదటి పుస్తకంలో అవి మనిషిని పైకి లాగగల యోయో, గూఢచర్యానికి పనికొచ్చే వీడియో గేమ్, మొటిమలకు రాసుకునే మందులా కనిపిస్తూ లోహాన్ని తినేసే లేపనం. ఈ చివరిదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

మా వాడి ప్రయోగాలు మొదట్లో మా ఇంటి హద్దులు దాటలేదు. 2001లో వచ్చిన రెండో నవలలో అలెక్స్ ఆల్ప్స్ పర్వతాల మీద నుంచి ఇస్త్రీ బల్లను మంచు పలకగా మార్చుకుని జారి పారిపోతాడు. మన ఇళ్ళల్లో ఇస్త్రీ బల్ల ఉండదు కాబట్టి వీడు వీధి మొదట్లోని ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళి, ఒక్కరోజు బండి పైపలక ఇమ్మని అడిగాడట. "పలక నీకిచ్చీసి నానేటి తినాల బాబూ?" అని అతడు వెనక్కి పంపించాడు. పలక దొరికినా జారడానికి మంచేది? లంబసింగి దాకా వెళ్ళినా మన మంచు ఒంటిని తడుపుతుందే గాని పలకను మోయదు.

ఇక్కడ నేను నా నేరం ఒప్పుకోక తప్పదు. గత సంక్రాంతి తరువాత చేయించుకున్న పరీక్షల్లో చక్కెర అంకె చూసి డాక్టరుగారు మిఠాయిలన్నీ నిషేధించారు. మా ఆవిడ ఆ తీర్పును అమలుపరిచే బాధ్యత తీసుకుంది. అయితే మా క్యాషు కౌంటరులో పనిచేసే మిత్రుడిది మాడుగుల. గోధుమలను రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పంచదారతో, నేతితో కట్టెల పొయ్యి మీద చేతులు పడిపోయేదాకా తిప్పి, జీడిపప్పూ బాదంపప్పూ అద్ది చేసే హల్వా ఉన్న ఊరివాడు శని, ఆదివారాలు ఇంటికి వెళ్ళి సోమవారం ఉత్త చేతులతో వస్తే అది స్నేహం ఎలా అవుతుంది? వారానికి అర కిలో పొట్లం నా పాత స్కూటరు పక్క డిక్కీలో చేరేది. దాని తాళం ఎప్పుడో అరిగిపోతే కొక్కెం బిగించి చిన్న తాళంకప్ప వేశాను. రోజూ సాయంత్రం ఇంటికి తిన్నగా వెళ్ళకుండా ఆర్.కె. బీచ్‌కు వెళ్ళి, కుర్సురా జలాంతర్గామి ఎదుట స్కూటరు ఆపి, సముద్రం వైపు తిరిగి రెండే రెండు ముక్కలు నోట్లో వేసుకునేవాణ్ణి. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు సేవచేసి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడు నుంచి ఇసుకలో ప్రదర్శనశాలగా కూర్చున్న ఆ జలాంతర్గామిని చూస్తే నాకెందుకో ఆత్మబంధువులా అనిపిస్తుంది. ఆపైన నేతి వాసన పోవడానికి ఒక పిప్పర్‌మెంటు చప్పరిస్తూ ఇంటికి చేరేవాణ్ణి.

బ్లంట్ దగ్గర ఉప అధికారిణిగా ఉండే మిసెస్ జోన్స్ నిత్యం పిప్పర్‌మెంట్లు చప్పరిస్తూ ఉంటుందన్న సంగతి నాకు అప్పటికి తట్టి ఉంటే యాలక్కాయ వాడేవాణ్ణి.

ఆ సోమవారం బ్యాంకు నుంచి బయలుదేరేసరికి గాలివాన పట్టుకుంది. బీచ్ మానుకుని, ముట్టని అర కిలో పొట్లంతో తిన్నగా ఇంటికొచ్చి, వాన వెలిసిందని పెరట్లో స్కూటరు నిలిపి స్నానానికి వెళ్ళాను. అంతకు ముందు ఐదు రాత్రులుగా మా మేనల్లుడు తన మొటిమల మందును భక్తిగా ఆ తాళంకప్పకు రాస్తున్నాడు. ఆ మందుతో మొటిమలే పోలేదు. అయినా ఆరో రోజు వాడు లాగగానే తాళం ఊడి చేతిలోకి వచ్చింది. విశాఖలో కాపురమున్న ప్రతివారికీ తెలుసు, మన సముద్రపు ఉప్పుగాలిని మించిన లోహభక్షక లేపనం ఇంకా పుట్టలేదు. కిటికీ ఊచలు, గేటు బందులు, బీరువా కాళ్ళు అన్నిటినీ అది తాపీగా తినేస్తుంది. వాడు మాత్రం విజయాన్ని మొటిమల మందుకే కట్టబెట్టి, డిక్కీలో చెయ్యి పెట్టాడు. నూనె కాగితంలో చుట్టిన, గోధుమరంగులో మెరిసే, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ నెమ్మదిగా లేచే అర కిలో ముద్ద బయటికి వచ్చింది. అది పేలుడు పదార్థమని తేల్చుకోవడానికి వాడికి క్షణం పట్టలేదు. దాన్ని నిండు బక్కెట్టులో ముంచేసి, "అత్తయ్యా, బయటికి పరుగెత్తండి!" అని కేక పెట్టాడు.

నేను తువ్వాలుతో బయటికి వచ్చేసరికి మా ఆవిడ, పై వాటా వారు, ఎదురింటివారు గేటు బయట ఉన్నారు. పక్కింట్లో ఉండే, నౌకాదళంలో పనిచేసి విరమించిన పెద్దాయన ఒక్కరే చేతికర్రతో, టార్చిలైటుతో పెరట్లోకి వచ్చి, ఎవరూ దగ్గరికి రావద్దని ఆజ్ఞాపించి, బక్కెట్టును చుట్టూ తిరిగి పరిశీలిస్తున్నారు. విరమణ తరువాత ఆయన ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. నేను ఆ క్షణంలో నోరు మూసుకుని ఉంటే, ఆయనే ఆ ముద్దను ఎక్కడో పాతిపెట్టించి ఉండేవారు; నా కథ అక్కడితో సుఖాంతమయ్యేది. కాని నీళ్ళ మీద తేలుతున్న జీడిపప్పులు చూసేసరికి గుండె ఆగక, "అయ్యయ్యో, అర కిలో! ఇవాళే వచ్చింది!" అని అరిచాను.

మా ఆవిడ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. పెద్దాయన కర్ర దించి, కాస్త నిరాశగా, "నెయ్యి తేలుతోందమ్మా" అన్నారు. ఆమె నా వైపు చూడలేదు. మేనల్లుడి చేతిలోని నోటుపుస్తకం అందుకుని, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది.

"సాయంత్రం 5.40. బ్యాంకు గుమ్మం. లావుపాటి మనిషి (స్మిథర్స్?) మావయ్యకు పొట్లం ఇచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. 6.05. జలాంతర్గామి ఎదుట ఆగాడు. ఇటూ అటూ చూసి ఏదో నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. విషం కాదు, బతికే ఉన్నాడు. 6.08. మళ్ళీ వేసుకున్నాడు. 6.15. పిప్పర్‌మెంటు."

ఇలాంటి పేజీలు పదకొండు ఉన్నాయి. నా వెనకే ఆటోలో వచ్చి, మరమరాల బండి చాటున నిలబడి రాశాడట. ఆటోలకు డబ్బు ఎక్కడిదంటే, పుస్తకాలు కొనుక్కొమ్మని నేనిచ్చినదే. వడ్డీ లెక్కలకు నేను కంప్యూటరు మీద ఆధారపడతాను గాని, రోజుకు రెండు ముక్కల చొప్పున సంక్రాంతి నుంచి నేటివరకు మొత్తం ఎంతైందో మా ఆవిడ అక్కడే, నిలబడే, నోటితో చెప్పేసింది. ఆ రాత్రి నాకు వడ్డించినది రెండు పుల్కాలు, కాకరకాయ పులుసు. కాకరకాయల్లో బెల్లం వేయలేదు.

భోజనమయ్యాక డాబా మీద గాలికి కూర్చుంటే, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం వెలుగు అప్పుడప్పుడు మా వైపు తిరిగి పోతోంది. మేనల్లుడు చప్పుడు చేయకుండా మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. క్షమాపణ అడుగుతాడేమోనని ఉదారంగా సిద్ధపడ్డాను. వాడు చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

"మావయ్యా, అంతమంది ముందు దొరికిపోయినా అసలు సంగతి బయటపెట్టలేదు నువ్వు. హల్వా అని భలే నమ్మించావు."