గీతను ఎక్కడ గీస్తే పిల్లలు పైన ఉంటారు?

అమెరికాలో ప్రభుత్వ మిడిల్ స్కూల్ అంటే చాలాచోట్ల ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. ఆ వయసులో పిల్లల గొంతు మారుతుంది, ఎత్తు మారుతుంది, నెలకొకసారి ప్రాణస్నేహితుడు మారతాడు. మారితే పైకి మాత్రమే మారవలసినది ఒక్కటుంది: ఏటా వసంతకాలంలో జరిగే ప్రామాణిక పరీక్షలో ‘ప్రావీణ్యం’ సాధించినవారి శాతం. ఆ శాతం పెరిగిందని పాఠశాల సంతోషంగా ప్రకటించినప్పుడల్లా గిట్టనివారెవరో లేచి, “అయితే పిల్లలకు నిజంగా చదువు వచ్చిందా?” అని అడుగుతారు. శాతానికీ చదువుకూ సంబంధం ఉండి తీరాలన్న ఈ మూఢనమ్మకాన్ని ఖండించడమే నా ఉద్దేశం.

2002 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రతి విద్యార్థికీ ఏటా చదవడంలోనూ గణితంలోనూ పరీక్ష పెట్టాలనీ, 2013-14 విద్యా సంవత్సరం ముగిసేలోగా నూటికి నూరుమందీ ప్రావీణ్యులు కావాలనీ ఆదేశించింది. తొంభై తొమ్మిది చాలునని రాసి ఉంటే ఆ మిగిలిన ఒక్కడెవరని తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి నూరు అనడమే మర్యాద. అయితే ఆ చట్టం చేసిన అసలు మేలు వేరే ఉంది. నూరు అన్న లక్ష్యాన్ని కేంద్రం తన దగ్గర ఉంచుకుని, ‘ప్రావీణ్యం’ అన్న మాటకు అర్థం చెప్పే పనిని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానికే వదిలిపెట్టింది. పరీక్ష రాసేవాడి చేతికే నిఘంటువు కూడా ఇచ్చి, కావలసిన అర్థం రాసుకోమన్నట్టయింది. ఆ తరువాత కొన్ని రాష్ట్రాల పిల్లలు సొంత పరీక్షలో పండితులుగానూ, ఎనిమిదో తరగతిలో కొందరిని ఎంపిక చేసి దేశమంతటా పెట్టే ‘నేప్’ పరీక్షలో సామాన్యులుగానూ తేలారు. దీనికి నేప్‌నే తప్పుపట్టాలి. ఆ పరీక్షలో ఏ పాఠశాలకూ విడిగా మార్కు రాదు, ఎవరి ఉద్యోగమూ పోదు. అలాంటి చోట ఎవరైనా ఎందుకు శ్రద్ధ చూపుతారు?

ఈ కళ పాతదే. 1987లో పశ్చిమ వర్జీనియాలో ఒక వైద్యుడు రాష్ట్రాల ఫలితాలన్నీ పోగుచేసి చూస్తే, అన్ని రాష్ట్రాలూ తాము జాతీయ సగటుకు పైనే ఉన్నామని చెప్పుకుంటున్నాయని తేలింది. ఎప్పుడో ఏళ్ల క్రితం లెక్కగట్టిన సగటుతో ఈనాటి పిల్లలను పోలుస్తూ పోతే ఆ ఫలితం రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు గీత సంగతికి వస్తాను. ఎన్ని మార్కులు వస్తే ప్రావీణ్యమో చెప్పే గీత ఆకాశం నుంచి ఊడిపడదు, దానికొక శాస్త్రీయ పద్ధతి ఉంది. ప్రశ్నలన్నిటినీ సులువైనది మొదట, కఠినమైనది చివర వచ్చేలా ఒక పుస్తకంగా కూరుస్తారు. ఉపాధ్యాయులూ మరికొందరూ బల్ల చుట్టూ కూర్చుని, బొటాబొటిగా ప్రావీణ్యం ఉన్న ఒక విద్యార్థిని మనసులో ఊహించుకుని, అతడు మూడింట రెండు వంతుల అవకాశంతో సరైన జవాబు చెప్పగల ప్రశ్నలు ఎంతవరకు సాగి ఎక్కడ ఆగుతాయో అక్కడ ఒక గుర్తుకాగితం పెడతారు. ఆ విద్యార్థిని ఎవరూ చూడలేదు, ఇకముందు చూడబోరు కూడా. ప్రజాధనంతో ఇంత గాఢమైన ధ్యానం మరెక్కడా జరగడం నేను ఎరుగను. గుర్తుకాగితం ఒకేచోట కుదరకపోతే చర్చించి మళ్లీ పెడతారు, ఆ పైన అధికారులు సిఫారసును ఆమోదించవచ్చు లేదా సవరించవచ్చు. రెండు పేజీలు వెనక్కి జరిపితే చాలు, ఆ మధ్యాహ్నం వేలమంది పిల్లలు ఉన్నచోటనే ఉండి, ఒక్క అక్షరం అదనంగా నేర్వకుండా ప్రావీణ్యులవుతారు. జీవితమంతా సుద్దముక్కతో కుస్తీపట్టిన ఏ ఉపాధ్యాయుడు ఇంతటి ఫలితాన్ని ఒక్క పూటలో సాధించగలడు?

పాఠశాల స్థాయిలో చేతికందే ఉపాయాలు ఇంకా చిన్నవి, కానీ వాటినీ తక్కువ చేయలేము. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్న సామెతను విద్యాశాఖ శాసనంగా స్వీకరించాక ప్రధానోపాధ్యాయుడు ఏం చేస్తాడు? ముందుగా పిల్లలను మూడు గుంపులు చేస్తాడు. గీతకు చాలా పైన ఉన్న అమ్మాయికి ఇంకా నేర్పితే పాఠశాల శాతంలో వీసమెత్తు పెరగదు. గీతకు చాలా కింద ఉన్న అబ్బాయికి ఏడాదంతా కష్టపడి భిన్నాలు నేర్పి, మూడో తరగతి స్థాయి నుంచి ఐదో తరగతి స్థాయికి తెచ్చినా, శాతం దృష్టిలో వాడు కదలనే లేదు. గీతకు రెండు మార్కుల కింద తచ్చాడుతున్న పిల్లవాడు మాత్రం వజ్రం. వాడికి ప్రత్యేక తరగతి, వాడికి ఉత్తమ ఉపాధ్యాయుడు, వాడికి జలుబు చేస్తే ఇంటికి ఫోను. సమానత్వం అంటే అందరికీ సమానంగా పంచడమనుకునే అమాయకులకు ఈ ఏర్పాటు అన్యాయంలా తోచవచ్చు.

పేద పిల్లలు, ఇంగ్లిషు ఇంకా నేర్చుకుంటున్నవారు, వైకల్యం ఉన్నవారు అంటూ ఒక్కో వర్గానికి విడివిడిగా ఫలితం చూపాలని చట్టం పట్టుబట్టింది. ఇది మంచి నిబంధనే. వెనకబడిన పిల్లలను సగటు చాటున దాచిపెట్టే అలవాటును ఇది బయటపెట్టిందని ఒప్పుకోక తప్పదు. అందుకే వర్గంలో కనీసం ఇంతమంది ఉంటేనే లెక్క అన్న సంఖ్యను నిర్ణయించే వెసులుబాటు రాష్ట్రాలకు దక్కింది. ఆ సంఖ్య ముప్పై అయినచోట, ఒక పాఠశాలలో అలాంటి పిల్లలు ఇరవై తొమ్మిది మంది ఉంటే, వారు బడికి రోజూ వస్తారు గానీ ఆ లెక్కలోకి మాత్రం రారు.

అట్లాంటాలో కొందరు ఇంత ఓపిక పట్టలేకపోయారు. అక్కడ 2009 పరీక్షల జవాబు పత్రాలలో తప్పు చెరిపి ఒప్పు దిద్దిన మరకలు లెక్కకు మించి కనిపించాయి. 2011లో వెలువడిన రాష్ట్ర దర్యాప్తు నివేదిక 44 పాఠశాలల్లో 178 మంది విద్యాసిబ్బందికి ఇందులో భాగముందని తేల్చింది. 2015లో 11 మందిని, నేరముఠాల కోసం పుట్టిన చట్టం కిందనే, దోషులుగా నిర్ధారించారు. కంచే చేను మేసిందని పత్రికలు వాపోయాయి. నా బాధ వేరు. వీరు ఒక్కొక్క జవాబునూ చేత్తో, రబ్బరుతో, చాటుమాటుగా మార్చారు. అదే పనిని పగటిపూట, సమావేశపు గదిలో, గుర్తుకాగితం జరిపి చేసి ఉంటే దాన్ని విధాన సవరణ అనేవారు, హాజరైనందుకు భత్యం కూడా ముట్టేది.

ప్రశ్నల నాణ్యతను శంకించేవారికీ జవాబు చెప్పవలసి ఉంది. 2012లో న్యూయార్క్ రాష్ట్రపు ఎనిమిదో తరగతి పరీక్షలో ఒక పైనాపిల్ కుందేలుతో పరుగుపందెం వేసింది. పైనాపిల్ కదలలేదు, కుందేలు గెలిచింది, చూడవచ్చిన జంతువులు పైనాపిల్‌ను తినేశాయి. ఎందుకు తిన్నాయి, ఏ జంతువు అందరికన్నా తెలివైనది అని పిల్లలను అడిగారు. గోల పెరిగేసరికి ఆ ప్రశ్నలను లెక్కించబోమని అధికారులు ప్రకటించారు. నన్నడిగితే లెక్కించవలసింది. ఉద్యోగంలో చేరాక పై అధికారి పంపే ఉత్తరువులను అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన శిక్షణ ఏముంటుంది? టెక్సాస్ మిడిల్ స్కూల్ పరీక్షల్లో తన కవితలను చూసుకున్న ఒక కవయిత్రి, వాటిమీది ప్రశ్నలకు తానే జవాబు చెప్పలేకపోతున్నానని 2017లో రాశారు. కవితను రెండు భాగాలుగా ఎందుకు విడదీశారన్నది ఒక ప్రశ్న. పైకి చదివేటప్పుడు అక్కడ తాను ఆగుతాను కాబట్టి అన్నది ఆమె కారణం. ఇచ్చిన నాలుగు జవాబులలో అది లేదు. రాసింది తానే అయినంత మాత్రాన కవితలో ప్రావీణ్యం వచ్చేస్తుందా? ఆమెను గీతకు కింద ఎంత దూరంలో ఉంచాలో ముందుగా తేల్చి, దగ్గరలో ఉంటే ప్రత్యేక తరగతికి పంపాలి.

2015 డిసెంబరులో పాత చట్టం పోయి కొత్తది వచ్చింది. నూటికి నూరు అన్న మాట తొలగింది గానీ ఏటేటా పరీక్ష మిగిలింది, నూటికి తొంభై ఐదుమంది తప్పక రాయాలన్న నిబంధనా మిగిలింది. ఫలితాలు చాలాచోట్ల పిల్లలు పై తరగతికి వెళ్లిపోయాక వస్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని దీన్ని ఎత్తిపొడవడం సరికాదు, ఆ ఆకులు చక్కని రంగుల పటాలతో అచ్చయి ఉంటాయి.

ఒక్క విషయం మాత్రం నన్ను కలవరపెడుతున్నది. పరీక్ష ముగిసిన మరునాటి నుంచి వేసవి సెలవుల దాకా కొన్ని వారాలు మిగులుతాయి. ఆ రోజుల్లో ఏం చేయాలో ఏ గీతా చెప్పదు, ఏ శాతమూ కొలవదు. ఆ సందు చూసుకుని కొందరు ఉపాధ్యాయులు తరగతి తలుపు దగ్గరగా వేసి పిల్లలకు పాఠాలు చెబుతున్నారనీ, పిల్లలు ప్రశ్నలు కూడా అడుగుతున్నారనీ వినికిడి. దీనిమీద వెంటనే విచారణ జరిపించాలి.